సగం షీటు

ఎస్తేరు పొద్దున లేవంగనే చేసే మొదటి పని సీసాలు నింపుడు. బిడ్డ సింధూజకు బడికి ఒకటి, మగడు విజేందర్‌కు కరెంటాఫీసుకు పెద్దది ఒకటి, అత్త పుల్లమ్మ మంచం కాడ చెంబు, దానికి మూత. నల్లా కింద వంగి ఒక్కొక్కటే నింపి, మూత బిగించి, కొంగుతోని తడి తుడిచి వరుసగ పెడుతది. ఆమె బ్యాగుల గూడ ఒక సీసా ఉంటది గని అది ఎన్నడు నిండది. నల్లగొండ నుంచి మందుల కంపెనీ కొలువుకు పోవట్టి పదకొండేండ్లయింది. పొద్దున ఒక గుక్క చాయ తాగి బస్సెక్కిందంటె, మళ్ల సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులిడిసినంకనే నీళ్లు తాగుడు. ఎందుకట్ల అని ఇంట్ల ఎవ్వలు అడగలే.

ఎందుకో వినుండ్రి. కంపెనీ బస్సు ఆరున్నరకు క్లాక్ టవర్ కాడ ఆగుతది. ఆమె పనిచేసే లాబుల అడుగు పెట్టాలంటె ఒంటి మీది చీరె విప్పి కంపెనీ బట్టలు వేసుకోవాలె, దాని మీద తెల్ల గౌను, నెత్తికి టోపి, మూతికి మాస్కు, చేతులకు తొడుగులు, కాళ్లకు వేరె చెప్పులు, ఇవన్ని అయినంక మూడు తలుపులు. నడుమల ఒంటికి పోవాలంటె గదంత విప్పాలె, పొయ్యొచ్చి మళ్ల గదంత వెయ్యాలె. ఇరువై నిమిషాలు. సూపర్‌వైజర్ రాంచందర్ సారు చెడ్డోడు కాదు, కోప్పడడు, నవ్వుతడు గంతే. "మళ్లనా ఎస్తేరమ్మా? మీ ఆడోళ్లకు గంటకోపారి పనిబడుతది" అని గోడ గడియారం దిక్కు చూస్తడు. కోప్పడ్డా మంచిగుండు. ఆ నవ్వుకు షరమై ఆమె సీసా నింపుడు బందువెట్టింది. మరి మొగోళ్లు బయటికి పోరా అంటె, ఎందుకు పోరు, సిగరెట్‌కు గూడ పోతరు. వాళ్లను ఎవ్వలు లెక్కబెట్టరు.

నీళ్లు తాగని ఒంటికి ఏమైతది? మంటైతది. చెప్పుకోను సిగ్గయ్యే జాగల మంట. మొదటిసారి వచ్చినప్పుడు ఎస్తేరు పండ్లు కరుసుకొని మూడు దినాలు తిరిగింది. గల్లీల ఆర్‌ఎంపీ డాక్టర్ అశోక్‌కుమార్ విజేందర్‌కు దోస్తు, ఇద్దరు సాయంత్రంపూట కలిసి చాయ తాగుతరు. ఆయన ముంగట కూసుండి ఏడ మంట అని చెప్తది? మూడో దినం, బియ్యం చెరుగుతుంటె, పుల్లమ్మ వచ్చి పక్కన కూసున్నది. ఏమడగలే. చిన్న గుడ్డమూట ఒకటి చేతిల పెట్టి, "తెల్లదారం కట్టింది మంటకు. రెండు మింగు బిడ్డా, తక్కువైతది" అన్నది. రెండు మింగింది. తక్కువైంది. బస్సెక్కింది.

పుల్లమ్మ మంచం కింద బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంటది. ఆ ముసలామెకు అక్షరం ముక్క రాదు గని, ఆ డబ్బల లెక్క తప్పది. ఇంట్ల ఎవలికి రోగమొచ్చినా, రోగం తగ్గంగనే మిగిలిన గోలీల షీటును కత్తెరతోని కత్తిరించి, పాత చీరె ముక్కల కట్టి దాస్తది. జ్వరానికి ఎర్రదారం, నొప్పులకు నల్లదారం, మంటకు తెల్లదారం. "పారేస్తె పాపం, రేపెవలికన్న అక్కెరకొస్తది" అంటది. ఎస్తేరుకు ఏడాదికి రెండు మూడుసార్లు తెల్లదారం అక్కెరకొచ్చింది. విజేందర్‌కు అప్పుడప్పుడు మూత్రంల రాయొచ్చి తిప్పలు పడ్డప్పటి గోలీలు మిగిలి ఉంటయనుకున్నది ఆమె. ఇంట్ల అందరు తిన్నంక గిన్నెల మిగిలింది ఎట్లనో తనదే, అందరు మింగినంక షీటుల మిగిలింది గూడ తనదే అనుకొని మింగేది. లోపల ఎక్కడనో కలుక్కుమనేది. అయినా మింగేది.

మీరడుగుతరు, ఆమె చదువుకున్నది గద, మందుల కంపెనీల పనిచేస్తది గద, సగం సగం మింగొద్దని తెల్వదా అని. తెల్వకేం. నల్లగొండ కాలేజీల బీఎస్సీ మైక్రోబయాలజీ చదివింది. గోలీలు నడుమల ఆపితె ఏమైతదో పరీక్షల రెండు పేజీలు రాసి పాసైంది. ఆ ఎరుకంత ఆమెకు గౌను తొడుక్కున్నంత సేపే. గౌను విప్పి చీరె కట్టుకున్నంక, పొద్దుగాల పప్పు మాడకుంట చూసే ఎరుక వేరు, బస్సు హారన్ వినబడంగనే ఉరికే ఎరుక వేరు. దవాఖానకు పోవాలంటె ఒక దినం సెలవు, సెలవు పెడితె రాంచందర్ సారు నవ్వు, ఇంటికొస్తె "ఏమైందే, ఏం రోగం" అన్న మాటకు ఏం చెప్పాల్నో తెల్వని షరం. ఇన్నిటికి బదులు రెండు గోలీలు అల్కగుంటయ్ గద. విజేందర్‌కు జ్వరమొస్తె పొద్దున ఎనిమిదింటికి ఒకటి, సాయంత్రం ఎనిమిదింటికి ఒకటి, గోరువెచ్చని పాలు పెట్టి ఆఖరి గోలీ దాక మింగిపిచ్చేది ఆమెనే. సింధూజకు చెవిపోటొస్తె క్యాలెండర్ మీద గీతలు గీసి మందు పోసేది ఆమెనే. ఇంట్ల అందరి టైము ఆమె చూస్తది. ఆమె టైము చూసేటోళ్లు లేరు, తనకు తాను చూసుకోవాలన్న యాది గూడ ఆమెకు లేకుంటైంది.

ఈ వానకాలం తెల్లదారం పనిచెయ్యలే.

రెండు మింగింది, తగ్గలే. ఇంకో రెండు మింగింది. నాలుగో దినం పొద్దున చపాతీలు చేస్తుంటె చెయ్యి వణుకవట్టింది. బయట ఉక్కపోత, ఆమెకు మాత్రం పండ్లు టకటక కొట్టుకునేంత చలి. నడుముకు రెండు పక్కల ఎవలో గుద్దుతున్నంత నొప్పి. "ఏందే, చపాతి మాడుతాంది" అన్నడు విజేందర్, ఫోన్ల నుంచి తలెత్తకుంట. ఎస్తేరు పొయ్యి బందువెట్టి, గోడకు ఒరిగి, అట్లనే కిందికి జారి కూసున్నది. గప్పుడు చూసిండు. చూసినంక ఆలస్యం చెయ్యలేదు, అబద్ధమెందుకు. బండి మీద కూసోబెట్టుకొని, పడిపోకుంట ఆమె కొంగు తన నడుముకు కట్టుకొని, గుంతలల్ల మెల్లగ నడుపుకుంట సర్కారు దవాఖానకు తీస్కపోయిండు. ఆ మనిషిల ప్రేమ లేదని కాదు. కిందపడ్డ మనిషి ఆయనకు కనబడుతది. నిలబడి పనిచేస్తున్న మనిషి కనబడది.

దవాఖానల జ్వరం తగ్గనీకి సెలైన్ పెట్టి, మూత్రం పరీక్షకు తీసుకున్నరు. పరీక్ష తేలడానికి రెండు దినాలు. రెండో దినం రిపోర్టు కోసం ఎస్తేరు లాబు కిటికీ కాడ నిలబడ్డది. లోపల మానస అనే పిల్ల, ఇరువై నాలుగు ఇరువై అయిదేండ్లుంటయేమో, కాయితం మీద పేరు చూసి, "అక్కా, మీరు కంపెనీ లాబుల చేస్తరా? డాక్టరమ్మ చెప్పింది. అయితె మీకు అర్థమైతది, చూడుండ్రి" అని గాజుపల్లెం తెచ్చి కిటికీల పెట్టింది.

అరచెయ్యంత గుండ్రటి పల్లెం. అడుగున జున్ను తీరుగ గడ్డకట్టిన మేత. దాని మీద రోగి ఒంట్ల దొరికిన క్రిములను పూసి, తలా ఒక మందుల ముంచిన చిన్నచిన్న కాయితం బిళ్లలు పెడుతరు. ఏ మందు పనిచేస్తె ఆ బిళ్ల చుట్టు క్రిములు సచ్చి, గుండ్రంగ ఖాళీ జాగా కనబడుతది. పనిచెయ్యని మందు చుట్టు ఖాళీ ఉండది. కంపెనీల ఎస్తేరు చేసే పని దీనికి అక్కచెల్లెలు లాంటిదే. పీపల తయారైన మందుల బలమున్నదా లేదా అని, ఇట్లనే పల్లెంల క్రిములను మొలిపిచ్చి, మందు పోసి, ఖాళీ జాగా ఎంత వెడల్పున్నదో గీతలపట్టీతోని కొలిచి రాస్తది. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆమె కన్ను పడుతది. ఎవలన్న అడిగితె విజేందర్, "మా ఆమె గాజుపల్లాలు కడిగే కొలువు" అంటడు. కడుగుడు గూడ ఉన్నది, లేదనలే. కొలుసుడు సంగతి ఆయన ఎన్నడు అడగలే.

ఆ పల్లెంల ఆరు బిళ్లలున్నయ్. అయిదింటి చుట్టు క్రిములు అంచుదాక దట్టంగ మొలిచి ఉన్నయ్, నారుమడి తీరుగ. ఒక్కదాని చుట్టు మాత్రం ఖాళీ జాగా ఉన్నది. ఆ అయిదింట్ల ఒకటి ఆమె కంపెనీల తయారయ్యే మందు. బిళ్ల మీది అక్షరాలు చూసి గుర్తువట్టింది. పదకొండేండ్ల సంది ఆ మందు గీసిన గుండ్రాలు ఎన్ని వేలు కొలిచిందో. ఎవలెవల ఒంట్లనో పనిచెయ్యాల్నని, ఒంటికి గూడ పోకుంట నిలబడి కొలిచింది. తన ఒంటికాడికి వచ్చేసరికి కొలవడానికి ఏం లేదు. ఎస్తేరుకు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. ఎవలు తనను మోసం చేసిండ్రో చెప్పుకోలేక వచ్చిన ఏడుపు.

డాక్టరమ్మ కాయితం చూసి కుర్చీ దగ్గరికి జరుపుకున్నది. "గోలీలు ఏవీ పనిచెయ్యవమ్మా. ఈ ఒక్క సూది మిగిలింది. రోజుకొకటి, ఏడు రోజులు. మూడో రోజుకే నీకు బాగున్నట్టు అనిపిస్తది. అప్పుడు ఆపొద్దు. ఆపితే ఇది కూడా పనిచెయ్యకుండా పోతది, తర్వాత నీకేం ఇయ్యాలో నాకు తెలవదు" అన్నది. మెల్లగనే అన్నది. మంగళారం మొదటి సూది పడ్డది.

రెండో సూదినాటి మధ్యాహ్నం ఇంట్ల అత్తకోడండ్లు ఇద్దరే ఉన్నరు. పుల్లమ్మ జొన్నగట్క వండి, మజ్జిగ పోసి, మంచం కాడికే తెచ్చింది. డెబ్బై దగ్గరవడుతున్న మనిషి, మోకాళ్లు నొస్తయ్, అయినా పొయ్యి కాడ నిలబడ్డది. ఎస్తేరు తింటుంటె, నెత్తి మీద చెయ్యి పెట్టి జ్వరం చూసి, ఉన్నట్టుండి అడిగింది. "అవునుగని బిడ్డా, నువ్వు ఆడ ఏం జేస్తవ్?"

ఎస్తేరు చేతిల ముద్ద చేతిలనే ఆగింది. పదకొండేండ్లకు ఎవలో ఒకలు అడిగిండ్రు.

"మందు చేస్తం అత్తమ్మా. మందు మట్టిలకెల్లి వస్తది."

"మట్టిలకెల్లినా? మందా? జర సక్కగ చెప్పు."

"తొలకరి పడంగనే మట్టివాసన వస్తది చూడు, ఆ వాసన పుట్టిచ్చేటియి మట్టిల బతికే జీవులు. కంటికి కానరావు. మట్టిల తిండి తక్కువ, తినేటోళ్లెక్కువ. పక్కోడు తమ జాగలకు రాకుంట అవి ఒక తీరు విషం ఊరిస్తయ్. మనకు రోగం తెచ్చే క్రిములను సంపేది ఆ విషమే. ఆ జీవులను పట్టుకొచ్చి కంపెనీల పెంచుతరు. వేలంత గాజుగొట్టంల మంచుగడ్డ చేసి దాసిన తోడు ఉంటది, పాలల్ల తోడేస్తం గద, గట్ల. దాన్ని ముందుగాల సీసల వేసి ఊపుతరు. పెరిగినంక చిన్న పీపల పోస్తరు. ఆడికెల్లి రెండంతస్తులెత్తు పీపలకు. చక్కెర పాకం, సోయపిండి తినబెడుతరు. కిందికెల్లి గాలి కొడుతరు. ఎక్కువ వేడి గావొద్దు, తక్కువ గావొద్దు. బయటి క్రిమి ఒక్కటి పడ్డా పీపంత ఖరాబైతది, అందుకే మాకు గన్ని గౌన్లు, గన్ని తలుపులు."

"ఓయమ్మో! బాలింతను గూడ గట్ల చూసుకోరు గదనే" అన్నది పుల్లమ్మ. "సింధూ పుట్టినప్పుడు పదమూడో దినానికే నీతోని బట్టలు పిండిపిచ్చిన. గా పీపల పుట్టినా బాగుండు నువ్వు."

ఇద్దరు నవ్విండ్రు. ఆ నవ్వుల పుల్లమ్మకు జర సిగ్గు గూడ ఉన్నది.

"అయిదారు దినాలైనంక వడగట్టి, ఆ నీళ్లల్లకెల్లి మందును వేరు చేసి, శుభ్రం చేసి, ఆరబెట్టి పొడి చేస్తరు. ఆ పొడిల బలమున్నదా లేదా అని నేను చూస్త. కొలిచి రాస్త. సారు సంతకం పెడుతడు."

"కొలిచేది నువ్వే గద. మరి గింత పెద్ద పని చేస్తె, పల్లాలు కడుగుతదంటడేంది వీడు?" పుల్లమ్మ కొడుకు మీద కోపంతోని గిన్నె గట్టిగ పెట్టింది. మళ్ల, "మరి నువ్వు చేసిన మందు నీకే ఎందుకు పనిచెయ్యలే?" అన్నది.

దీనికి జవాబు చెప్పాల్నా వద్దా అని ఎస్తేరు చానసేపు చూసింది. ఆమె దాసిచ్చిన గోలీల మాట ఎట్ల ఎత్తుతది. ఆఖరికి మెల్లగ చెప్పింది. "రెండు గోలీలు మింగితె మెత్తటి క్రిములు సస్తయత్తమ్మా, మంట తగ్గుతది. మొండియి జర మిగులుతయ్. మందు తాకిడికి ఓర్చుకున్నయే మళ్ల పెరుగుతయ్. ఇంకోపారి మళ్ల రెండు మింగితె, ఇంక మొండియి మిగులుతయ్."

పుల్లమ్మకు అంతకంటె చెప్పే పనిలే. హాలియా దిక్కు సాగర్ కాలువ కింది మడులల్ల నలభై ఏండ్లు నాట్లేసి కలుపు తీసిన మనిషి. "ఊదగడ్డి" అన్నది. "పైపైన పీకి ఒడ్డెక్కితె, మిగిలిన మొండి గంటలు ఇత్తనం రాలుస్తయ్, వచ్చే పంటకు మడంత అదే. గడ్డిమందు గూడ గంతే. కొత్తల మాడి మసైపోయింది. నాలుగైదేండ్లకు ఎంత కొట్టినా పచ్చగనే నిలబడ్డది. మళ్ల వేరే మందు తెచ్చిండ్రు పటేండ్లు. దీనికి గూడ కొత్త మందు తేవాలె గద?"

"తేవాలె. గని దొరుకుత లేదు. ఏ మట్టి తవ్వినా పాతయ్యే మళ్ల మళ్ల దొరుకుతున్నయంటరు. దొరికినా, దాన్ని మనిషి మింగేదాక తెచ్చేసరికి పదేండ్లు పడుతది. షుగరు గోలీ అయితె బతికినన్ని దినాలు మింగుతరు. ఇది ఏడు దినాలు మింగి మరిచిపోయే గోలీ. కంపెనీలకు దాని మీద ఆశ తక్కువ. కొత్తయి రాకపాయె, పాతయి మనమే మొద్దువారగొడితిమి. మన సింధూ కాన్పునాటికి జ్వరమొస్తె ఇయ్యనీకి ఏముంటదో అని నాకు బుగులైతాంది."

పుల్లమ్మ వంగి మంచం కిందికి చూసింది. డబ్బ అక్కడనే ఉన్నది. "అయితె నేనే" అన్నది. "నా చేతులతోని నేనే నీ ఒంట్ల ఊదగడ్డి సాదిన్నా బిడ్డా?"

"గట్లనకత్తమ్మా. నువ్వు తెల్వక ఇచ్చినవు. నేను తెలిసి మింగిన."

పుల్లమ్మ ఇంకేదో చెప్పబోయి నోరు తెరిచింది. చెప్పలే. గిన్నె పట్టుకొని వంటింట్లకు పోయింది.

శుక్రారం నాలుగో సూది పడ్డది. డాక్టరమ్మ చెప్పినట్టే జ్వరం పోయింది, మంట పోయింది, నడుము నొప్పి జర జర ఉన్నది. ఆ సాయంత్రం ఎస్తేరు లేచి వంకాయకూర వండింది. అదే తప్పయింది. విజేందర్ తిని, చెయ్యి కడుక్కొని, నిమ్మలంగ కూసుండి అన్నడు. "రేపు పొద్దున హాలియాకు పోవాలె, బట్టలు సదురుకో." ఆయన అక్క భాగ్యమ్మ బిడ్డకు చీరె కట్టే ఫంక్షన్. శనివారం సాయంత్రం ప్రార్థన, ఆదివారం భోజనాలు, సోమారం పొద్దున వచ్చుడు.

"నాకు ఇంక మూడు సూదులున్నయ్."

"జ్వరమున్నదా?"

"లేదు."

"నిలబడ్డవ్. కూర వండినవ్. మంచిగనే ఉన్నవ్ గద, ఇగ సూదెందుకు? రెండు దినాలు ఇడిసిపెట్టు, సోమారమొచ్చి మళ్ల ఏపిచ్చుకో, ఎవలొద్దన్నరు? అక్కకున్నదే ఒక్క బిడ్డ. మేనమామ పెండ్లాం రాకుంటె నా ఇజ్జత్ ఏంగావాలె? నువ్వుంటె వంటలకాడ అక్కకు గూడ ఆసరైతది."

ఇగో, మాట ఆడికొచ్చింది. ఎస్తేరు లేచి బీరువ తెరిచింది. చేతులు వాటంతట అవే పట్టుచీరె తీసి మడత పెట్టవట్టినయ్. పద్దెనిమిదేండ్ల కాపురంల ఆ చేతులు ఎన్నిసార్లు గట్ల సదిరినయో. మంటతోని సదిరినయ్, బాలింతగ సదిరినయ్, తన తల్లి సచ్చిపోయిన పదిహేనో దినం గూడ ఎవలిదో పెండ్లికి సదిరినయ్. పోదునా? పోతె ఏమైతది? మంచిగనే ఉన్నది గద ఒంట్ల. రెండు దినాలకు ఏంగాదేమో. డాక్టర్లు జర ఎక్కువనే చెప్తరు. ఆదివారం మధ్యాహ్నం బగార డేగిస కాడ నిలబడి, నీళ్లు తాగకుంట, అక్కడ ఒంటికి పోయే జాగా ఎట్లుంటదో, వరుసగ ఎందరుంటరో. అనుకుంటుంటె ఆమెకు ఆ పల్లెం యాదికొచ్చింది. అయిదు బిళ్లల చుట్టు దట్టంగ మొలిచినయ్. ఆ ఒక్క బిళ్ల చుట్టు ఉన్న కొంచెం ఖాళీ జాగా. ఆ జాగా గూడ పోగొట్టుకొని వచ్చి డాక్టరమ్మ ముంగట కూసుంటె ఆమె ఏమంటది? కుర్చీ ఎంత దగ్గరికి జరుపుకుంటె ఏం లాభం? ఇన్నేండ్లు తను గోలీలు ఏ దినాన ఆపుకుంట వచ్చిందో ఆమెకు గప్పుడు తెలిసింది. నిలబడగలిగిన ప్రతిసారి ఆపింది. నిలబడ్డ ఆడదానికి రోగం లేదని ఇంట్లోళ్లు అంటరు, ఆమె గూడ అదే నమ్మింది.

చీరెను మళ్ల బీరువల పెట్టి తలుపేసింది.

"నేను రాను. మూడు సూదులు అయినంక పోయి పిల్లను చూసొస్త."

విజేందర్‌కు కోపం కంటె ఎక్కువ ఆశ్చర్యమైంది. "లోకంల నీకొక్కదానికే వచ్చిందా రోగం? అక్కకు ఏం చెప్పాలె నేను?"

"రోగమొచ్చింది, మందు తీసుకుంటుందని చెప్పు. నీకు రాయొచ్చినప్పుడు నేను అందరికి గట్లనే చెప్పిన."

ఆయన తల్లి దిక్కు చూసిండు, రెండు మాటలు గట్టిగ చెప్తదని. పుల్లమ్మ మాత్రం దారం చుట్టుకుంట తలెత్తకుంట, "ఉండనియ్ రా. మనం పోదం" అన్నది. ఆ మాటల కోపమున్నదో ప్రేమున్నదో ఎస్తేరుకు తెలవలే. తెల్లారి ముగ్గురు పోయిండ్రు. విజేందర్ చెప్పకుంటనే పోయిండు. సింధూజ మాత్రం గేటు కాడికెల్లి మళ్ల ఉరికొచ్చి, తన సీసా అమ్మ చేతిల పెట్టి, "ఇంట్ల ఎవ్వలు లేరు గద, నువ్వు తాగు" అని ఉరికింది.

శనివారం, ఆదివారం ఎస్తేరు ఒక్కతే ఆటోల దవాఖానకు పోయి సూది వేయించుకొని వచ్చింది. ఇంట్ల ఎవ్వలు లేని దినం ఎట్లుంటదో ఆమె మరిచేపోయింది. ఆదివారం ప్రార్థనకు గూడ పోలే, ఆమె ఉన్నకాడనే దేవునికి ఒక మాట చెప్పుకున్నది. బిడ్డ ఇచ్చిన సీసాను నింపుకున్నది, తాగింది, మళ్ల నింపుకున్నది. ఒంటికి పోవాలనిపించినప్పుడల్ల లేచి పోయింది. నవ్వొచ్చింది ఆమెకు, ఎంత చిన్న సుఖం, ఎంత మంచిగున్నది! మందులు చేసే కంపెనీల నీళ్లు తాగనీకి భయపడి రోగం తెచ్చుకున్న అనుకుంటె కోపం గూడ వచ్చింది. మంగళారం డ్యూటీకి పోతె నిండు సీసాతోనే పోవాలె, ఎన్నిసార్లు గౌను విప్పాల్నో గన్నిసార్లు విప్పాలె, రాంచందర్ సారు గడియారం చూస్తె, తను గూడ తలెత్తి సారును చూడాలె అనుకున్నది.

ఆదివారం పొద్దు వంగుతుంటె గేటు చప్పుడైంది. చూస్తె పుల్లమ్మ. ఒక్కతే. చంకల సంచి, చేతిల స్టీలు డబ్బ, పట్టుచీరె కుచ్చిళ్లకు బస్సు మట్టి. మనుమరాలి భోజనాలు అయ్యీ కాకముందే హాలియాల బస్సెక్కి వచ్చింది.

"ఏందత్తమ్మా! రేపు గద వచ్చేది? ఏమైంది?"

"ఏంగాలే. బగార తెచ్చిన, తిను. రేపు నీది ఆఖరి సూది గద." ఇంట్లకొచ్చి మంచం మీద కూసున్నది. కాళ్లు ఒత్తుకున్నది. మంచం కిందికెల్లి బిస్కెట్ల డబ్బ తీసి, ఒళ్లె పెట్టుకొని, తెల్లదారం మూటలు మూడు ఏరి బయట పెట్టింది.

"ఇవి ఎవలియనుకున్నవ్?"

"సింధూ వాళ్ల నాయినయి. రాయొచ్చినప్పటియి."

"వానియి వాడే మింగిండు. నువ్వే దగ్గరుండి టైముకు మింగిపిచ్చినవ్. ఒక్కటి మిగిలిందా?"

మిగల్లే. ఆఖరి గోలీ దాక మింగిపిచ్చింది తనే. ఆ లెక్క ఇన్నేండ్లు ఎస్తేరుకు తట్టలే.

"ఇవి నాయి బిడ్డా" అన్నది పుల్లమ్మ. "నాట్లేసే దినాలకెల్లి నాకు ఈ మంట. పొద్దుందాక మడిల వంగి ఉంటుంటిమి. ఒడ్ల మీద మొగోళ్లు, ఏడ కూసుంటం? నీళ్లు తాగకుంట పొద్దువుచ్చుతుంటిమి. అట్లనే బతికిన. నువ్వొచ్చి ఈ కొలువుల చేరినంక, ఒకనాడు నువ్వు పండ్లు కరుసుకొని నడుసుడు చూసిన. నాకు తెలిసింది. నువ్వు అశోక్‌కుమార్‌కు చెప్పుకోలేవు. నేను ముసలిదాన్ని, నాకేం షరం? పోయి చెప్పిన, పది గోలీలిచ్చిండు. రెండు మింగిన. జర నయమైంది. నాకు రెండు సాలు, ఎనిమిది దానికి పనికొస్తయని దారం కట్టిన. మళ్ల అయిపోతె మళ్ల పోయిన. మొన్న నువ్వు మొండి క్రిముల ముచ్చట చెప్పినప్పుడు అందామనుకున్న, నోరు రాలే. ఫంక్షన్ల అందరు నవ్వుతుంటె నాకు బువ్వ దిగలే. మనిద్దరం ఒక్క షీటును చెరి సగం చేసుకొని, ఇద్దరం ఒడ్డెక్కినం బిడ్డా."

ఎస్తేరు ఆ మూటల దిక్కు చూసింది. ఇన్నేండ్లు మగని మిగులు అని కలుక్కుమన్న ఆ గోలీలు, ఈ ముసలామె తన నోటికాడికెల్లి తీసి దాసినయి. ఆమె మంట ఆపుకొని తనకు పెట్టినయి. దానితోని ఇద్దరి మంట ఆరలే. ఎస్తేరు పోయి అత్త ఒళ్లె తల పెట్టి ఏడ్సింది, ఆపుకోకుంట ఏడ్సింది. పుల్లమ్మ గరుకు చేతితోని నెత్తి నిమురుకుంట, చాన సేపటికి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"రేపు నేను గూడ వస్త. నాది గూడ ఆ పల్లెంల వేసి చూపియ్యరాదె."

ఎస్తేరు లేచి కండ్లు తుడుసుకున్నది. తెల్లదారం మూటలను బిస్కెట్ల డబ్బల వేసి, ఆ డబ్బను డాక్టరమ్మకు చూపెట్టనీకి తన బ్యాగుల పెట్టుకున్నది. నల్లా కాడికి పోయి రెండు సీసాలు నింపింది. ఒకటి తెచ్చి అత్త చేతిల పెట్టి, ఆమె తాగేదాక అక్కడనే నిలబడ్డది.

"తీస్కపోత. గని ఈసారి పంచుకునుడు లేదత్తమ్మా. నాయి నేనే తీసుకుంట, నీయి నువ్వే మింగాలె. ఆఖరిది దాక."